కడుపు ఎందుకు చెడినా నేరం కారానిదేనా?

గుంటూరులో పుట్టినవాడికి కడుపునొప్పి వస్తే కారణం వెతుక్కోవాల్సిన పనిలేదు. చుట్టూ ఉన్నవాళ్లే చెప్పేస్తారు, "ఆ కారాలు కాస్త తగ్గించవయ్యా బాబూ" అని. హైదరాబాదు చుట్టాలు అదే అంటారు, బెంగళూరు ఆఫీసులో పక్క సీటువాళ్లు అదే అంటారు. రెండు పూటలా పండుమిరపకాయల పచ్చడి వడ్డించే అమ్మ కూడా చివరికి అదే మాట అంటుంది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే మిర్చియార్డు ఊళ్లో ఉన్నాక, వేడన్నంలో గొడ్డుకారం, నెయ్యి కలుపుకుని తినే అలవాటు ఉన్నాక, అనుమానం ఇంకెవరి మీదికి పోతుంది?

ఈ సలహాతో నాకు పేచీ ఉంది. కారం మీద ప్రేమతో కాదు (అదీ కొంత ఉందనుకోండి). దీన్ని పట్టుకుని మనవాళ్లు నెలలకు నెలలు పోగొట్టుకుంటున్నారు. ముందు ఓ నెల కారం మానేసి చూద్దామంటారు. తగ్గకపోతే పులుపు. అదీ కాకపోతే వంకాయ, శనగపిండి, టీ ఒక్కొక్కటే కంచంలోంచి వెళ్లిపోతాయి. తిండి మారుస్తున్నాం కదా, అంటే వైద్యం చేయించుకుంటున్నట్టే కదా అన్న ధైర్యం ఒకటి. ఆరు నెలలు గడిచాక కూడా డాక్టరు గడప తొక్కి ఉండరు. ఇంతలో లోపల ఏదైనా ఉంటే అది దాని పని అది చేసుకుంటూ పోతుంది.

మా బాబాయికి గుంటూరులో మెడికల్ షాపు ఉండేది. డిగ్రీ చదివేటప్పుడు సెలవులొస్తే నేను కౌంటర్లో కూర్చునేవాణ్ని. రాత్రి ఎనిమిది దాటాక వచ్చేవాళ్లలో సగం బేరం ఒకటే: "గ్యాస్ బిళ్లలు ఓ నాలుగు ఇవ్వు బాబూ." చీటీ ఉండదు. ఎప్పుడో ఏ డాక్టరో రాసిన బిళ్ల తాలూకు రేకు ముక్క జేబులోంచి తీసి చూపిస్తారు. పొద్దున టిఫినుకు అరగంట ముందు వేసుకోవాల్సిన, యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్‌ని రాత్రి బిర్యానీ తిన్నాక వేసుకుని, "ఇది కూడా పనిచేయట్లేదయ్యా, ఇంకా పవరున్నది లేదా?" అనేవాళ్లు. లేచి వెళ్లబోతూ ఇంకోటి గుర్తొచ్చేది, "మోకాళ్ల నొప్పులక్కూడా ఓ పది ఇవ్వు." ఈ రెండు బేరాలకూ ఉన్న చుట్టరికం అప్పట్లో కౌంటరుకు అటువైపున్నవాళ్లకు తెలియదు, ఇటువైపున్నవాళ్లకూ పట్టేది కాదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు అల్సర్ సంగతి చూద్దాం. కారం తింటే కడుపులో పుండు పడుతుందన్నది మన నమ్మకం. మనల్నే ఎందుకనాలి, 1980ల దాకా డాక్టర్ల లోకం కూడా దాదాపు అలాగే అనుకుంది: మసాలాలు, టెన్షన్, యాసిడ్ ఎక్కువ కావడం. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు రోగుల జీర్ణాశయం ముక్కల్లో మెలి తిరిగిన బ్యాక్టీరియాను గమనించాడు. ఆయనకు తోడైన యువ డాక్టరు బ్యారీ మార్షల్. 1982లో వాళ్లు దాన్ని ల్యాబులో పెంచగలిగారు. అంత యాసిడ్‌లో ఏ క్రిమి బతుకుతుందిలే అని పెద్దలు చాలామంది నమ్మలేదు. మార్షల్‌కి విసుగొచ్చి 1984లో ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగేశాడు. కొద్దిరోజులకే వాంతులు. ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయం లోపలి పొర వాచిపోయి ఉంది. ఆ క్రిమి పేరే హెలికోబ్యాక్టర్ పైలోరీ. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మంది కడుపులో ఈ పైలోరీ ఉంటుంది. ఎక్కువమందిని ఏమీ అనదు. కొందరికి పుండు తెస్తుంది. బహుకొద్దిమందిలో ఏళ్ల తరబడి ఉండిపోయి క్యాన్సర్‌కు దారితీస్తుంది, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే దీన్ని రుజువైన క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. పుండుకు కారణం ఇదేనని తేలితే వైద్యం సూటిగానే ఉంటుంది: యాంటీబయాటిక్స్, వాటితోపాటు యాసిడ్ తగ్గించే మందు, సాధారణంగా 14 రోజులు. కోర్సు మధ్యలో ఆపకుండా వాడితే పుండు మళ్లీ మళ్లీ రావడం బాగా తగ్గిపోతుంది. పదేళ్లు చప్పిడి మజ్జిగన్నం తిన్నా మాత్రం ఆ క్రిమి చావదు.

ఇక ఆ రెండో బేరం, మోకాళ్ల నొప్పుల బిళ్లలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి. జీర్ణాశయం తన యాసిడ్‌కి తనే కాలిపోకుండా లోపలి పొర మీద జిగురు కాపలా ఒకటి ఉంటుంది. ఆ కాపలాను నిలబెట్టే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలనే ఈ మందులు తగ్గించేస్తాయి. వాపు తగ్గడం, నొప్పి తగ్గడం కూడా వాటిని తగ్గించడం వల్లే కాబట్టి, ఒక చోట మేలు చేస్తూ ఇంకో చోట పుండు చేస్తాయన్నమాట. పైలోరీ తర్వాత కడుపులో పుళ్లకు పెద్ద కారణం ఇవే.

మా పిన్నికి జరిగింది ఇదే. బీపీ వచ్చినప్పటి నుంచి ఉప్పూ కారం రెండూ దాదాపు మానేసిన మనిషి. ఆవిడ కంచం చూస్తే మాకు జాలేసేది. మోకాళ్లకు మాత్రం రోజూ బిళ్ల పడాల్సిందే. కడుపులో నొప్పని ఒక్కరోజు అనలేదు. మేడ మెట్లెక్కితే ఆయాసం, కాస్త నడిస్తే గుండెదడ, మొహం పాలిపోవడం. వయసు మీద పడిందనుకున్నాం. గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 6 చిల్లర. విరోచనం ఏ రంగులో అవుతోందని ఆయన అడిగితే కాసేపు నేల చూపులు చూసి, తారు లాగా నల్లగా జిగటగా వస్తోందని అప్పుడు చెప్పింది. ఎన్నాళ్ల నుంచో అంటే, "ఇలాంటివి ఎవరికి చెప్పుకుంటాంరా?" అంది. ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండు కనబడింది, అది నెమ్మదిగా రక్తం కారుస్తూనే ఉంది.

కారం ముట్టని మనిషికి పుండు, అది కూడా నొప్పి లేకుండా. మనవాళ్ల లెక్కకు రెండూ అందవు. ఈ నొప్పి బిళ్లల పుళ్లు, ముఖ్యంగా పెద్దవయసులో, రక్తస్రావంతోనే మొదటిసారి బయటపడటం డాక్టర్లకు మామూలు విషయం.

అలాగని కారానికి ఏ పాపం తెలియదని వాదించను. మిరపకాయలోని క్యాప్సైసిన్ మన నరాల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తాకుతుంది. 43 డిగ్రీల పైన వేడి తగిలితే స్పందించేదీ అదే. అందుకే కారం తింటే కాలినట్టు అనిపిస్తుంది గానీ నిజంగా ఏదీ కాలదు. ఆ గ్రాహకాన్ని క్యాప్సైసిన్ సాయంతోనే కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. (ఆ లెక్కన నోబెల్‌లో మన సన్నం మిరపకాయకూ ఓ వాటా రావాలి.) అవే గ్రాహకాలు పేగుల్లోనూ ఉంటాయి. అందుకని ముందే పుండున్నవాడికి, యాసిడ్ పైకి తన్నేవాడికి, పేగులు అతిగా స్పందించే ఐబీఎస్ ఉన్నవాడికి, ఫిషర్‌తో (మలద్వారం దగ్గర చీలికతో) బాధపడేవాడికి కారం నరకం చూపిస్తుంది. అంటే ఉన్న బాధను గట్టిగా అరిపిస్తుంది. కారం ఆపితే అరుపు తగ్గుతుంది. బాధ తగ్గిందని మనం అనుకుంటాం. నాకు ప్రమాదంగా తోచేది సరిగ్గా ఇదే.

యాసిడ్ తగ్గించే బిళ్లలతోనూ ఇదే చిక్కు. జీర్ణాశయం క్యాన్సర్ తొలిరోజుల్లో ఉండే మంట కూడా వాటితో కొన్నాళ్లు సర్దుకోవచ్చు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేస్తే యాసిడ్ ఇంకా ఉధృతంగా తన్నుకొస్తుంది, అప్పుడిక బిళ్ల లేకపోతే బతకలేమన్న నమ్మకం కుదురుకుంటుంది. ఏళ్లు గడిస్తే బీ12, మెగ్నీషియం తగ్గే అవకాశముంది. అవసరమున్నవాళ్లకు ఇది గొప్ప మందే. అవసరం ఉందో లేదో తేల్చాల్సింది మాత్రం కౌంటర్లో కూర్చున్న డిగ్రీ కుర్రాడు కాదు.

మరి కడుపు స్పెషలిస్టు (గ్యాస్ట్రోఎంటరాలజిస్టు) దగ్గరికి ఎప్పుడు పోవాలి? మనవాళ్లకు తెలిసిన కొలత ఒకటే, నొప్పి ఎంత ఉందని. ఓర్చుకోగలిగితే ఇంట్లో, ఓర్చుకోలేకపోతే ఆస్పత్రిలో. ఈ కొలత తప్పని నా వాదన. ఉత్త గ్యాస్ పట్టేసినా ప్రాణం పోతున్నట్టు ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్ చాలాకాలం చిటికెడు నొప్పి కూడా లేకుండా పెరగగలదు. చూడాల్సింది నొప్పికి తోడుగా ఇంకేం వచ్చిందని.

కావాలని తగ్గకుండానే బరువు తగ్గుతుంటే అది తోడు. ఆరునెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో 5 శాతం పోతే, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే, షుగరు కంట్రోల్లోకి వచ్చిందని సంబరపడకుండా కారణం వెతకాలి. ముద్ద గొంతు దిగాక ఛాతీలో అడ్డం పడుతున్నట్టుంటే, మొదట గట్టి అన్నం, తర్వాత మెత్తటి అన్నం, తర్వాత నీళ్లు కూడా ఇబ్బంది పెడుతుంటే, ఆ వారమే వెళ్లాలి. ఆగని వాంతులు, వాంతిలో రక్తం లేదా కాఫీపొడి లాంటి నలుసులు, తారు రంగు విరోచనం, ఇవైతే వారం కూడా కాదు, అదే రోజు. (ఐరన్ బిళ్లలు వేసుకునేవాళ్లకూ నల్లగా అవుతుంది, కానీ తారులా జిగటగా, వెగటు వాసనతో ఉండదు.) మగవాళ్లలో గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో గానీ ఐరన్ లోపం వల్ల రక్తం తగ్గిందంటే టానిక్ తాగి ఊరుకోకూడదు. ఆ రక్తం ఎటు పోతోందో పేగుల్లో వెతికించాలి. పొట్టలో గడ్డ చేతికి తగిలినా, ఇంట్లో దగ్గరివాళ్లకు జీర్ణాశయం లేదా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా అంతే.

వయసు కూడా చూస్తారు. ఇరవై అయిదేళ్ల కుర్రాడి గుండెల్లో మంటా, ఎప్పుడూ లేనిది 55 ఏళ్లకు కొత్తగా మొదలైన అజీర్తీ ఒకటి కావు. పాశ్చాత్య దేశాల్లో 55, 60 దగ్గర గీత గీస్తారు గానీ మన దగ్గర డాక్టర్లు 45 దాటగానే జాగ్రత్త పడటం చూస్తుంటాం.

పైల్స్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మోసపోవడం ఇక్కడే ఎక్కువ. విరోచనంలో రక్తం కనబడగానే పైల్స్ అని తేల్చేసుకుంటారు. సిగ్గు వల్ల ఎవరికీ చూపించరు. గోడల మీదా కరెంటు స్తంభాల మీదా "ఆపరేషన్ లేకుండా మొలలకు శాశ్వత చికిత్స" అనే బోర్డులు మన గుంటూరు, విజయవాడల్లో కొల్లలు. నొప్పి లేకుండా ఎర్రటి రక్తం పడితే చాలాసార్లు పైల్సే, కోసినట్టు నొప్పితో పడితే చాలాసార్లు ఫిషరే. ఈ 'చాలాసార్లు' అన్నదాన్ని 'ఎప్పుడూ' అని చదువుకోవడమే కొంప ముంచుతుంది. పైల్స్ ఉన్న మనిషికి పేగులో క్యాన్సర్ ఉండకూడదన్న రూలేమీ లేదు. నలభై దాటినవాళ్లకు కొత్తగా రక్తం పడుతున్నా, ఎన్నేళ్లుగానో ఉన్న విరోచనం పద్ధతి మారి వారాల తరబడి అలాగే ఉన్నా, వెళ్లొచ్చాక ఇంకా మిగిలినట్టు అనిపిస్తున్నా కొలనోస్కోపీ (పెద్దపేగును పైపుతో లోపల చూసే పరీక్ష) ఊసెత్తని వైద్యుణ్ని నేనైతే నమ్మను. కుర్రవాళ్లలో రక్తం, జిగట, రాత్రి నిద్రలేపే విరోచనాలు, జ్వరం కలిస్తే అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ లాంటి దీర్ఘకాలిక పేగు వాపు జబ్బులేమో చూడాలి. మన దేశంలో పేగు టీబీ కూడా అచ్చం క్రోన్స్ లాగే కనబడి డాక్టర్లనే తికమక పెడుతుంది. రెండింటి వైద్యం పూర్తిగా వేరు. క్రోన్స్ అనుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులిస్తే టీబీ విజృంభిస్తుంది. ఇది ఊరి ఆర్ఎంపీ తేల్చే పని కాదు, ఎండీ డాక్టరు కూడా చాలాసార్లు పైకి పంపిస్తారు.

పచ్చకామెర్లకు పసరు పోయించుకోవడం ఇంకా పోలేదు. కలుషిత నీళ్ల వల్ల వచ్చే కాలేయం వాపు జబ్బులు హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. తగ్గిన పేరు పసరుకు వస్తుంది. పసరు పోసినవాడి చేతిలో మహిమ ఉందని ఇంకో పదిమంది వెళ్తారు. వాళ్లలో ఒక గర్భిణి ఉంటుంది, హెపటైటిస్-ఈ వస్తే ఆవిడకు ప్రాణాంతకం కావచ్చు. ఒక అరవై ఏళ్ల పెద్దాయన ఉంటాడు. ఆయనకు నొప్పి లేదు, ఒంటికి దురద, విరోచనం సున్నం రంగులో, బరువు తగ్గుతోంది. అది పైత్యనాళానికి ఏదో అడ్డం పడిన లక్షణం, రాయి కావచ్చు, క్లోమం దగ్గర గడ్డ కావచ్చు. కామెర్లకు చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి తోడైతే నాళంలో చీము పట్టిందేమోనని ఆ రాత్రికే ఆస్పత్రికి పరుగెత్తాలి.

కడుపు డాక్టరు దగ్గరికి అసలు వెళ్లకూడని కడుపునొప్పి ఒకటుంది. పొట్ట పైభాగంలో బరువు, పిండేసినట్టు నొప్పి, చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకడం. షుగరు ఉన్నవాళ్లకైతే ఇవన్నీ కూడా ఉండకపోవచ్చు, ఉత్త నీరసం, వాంతి వచ్చేట్టుండటం, అంతే. గుండె కింది గోడకు రక్తం ఆగిపోతే వచ్చే నొప్పి అచ్చం అజీర్తిలాగే ఉండగలదు. మనవాళ్లు వెంటనే సోడా తాగిస్తారు. సోడా తాగితే తేన్పు వస్తుంది, ఎందుకంటే సోడాలో గ్యాస్ ఉంది! దాంట్లోంచి వచ్చిన తేన్పును చూసి లోపలి గ్యాస్ పోయిందనుకుంటారు. ఈసీజీకి పట్టేది అయిదు నిమిషాలు. 108కి ఫోన్ చేయండి, లేదా ఈసీజీ ఉన్న దగ్గరి ఆస్పత్రికి వెళ్లండి.

ఇంతా చెప్పాక ప్రతి తేన్పుకూ విజయవాడ సూర్యారావుపేట ఆస్పత్రుల్లో టోకెన్ తీసుకోమంటున్నానని అనుకోవద్దు. స్పెషలిస్టుల ముందు గదుల్లో అవసరం లేనివాళ్లే కిక్కిరిసి కూర్చుంటున్నారన్నది కూడా నా ఫిర్యాదే. పైన చెప్పిన తోడు లక్షణాలు ఏవీ లేని కుర్రవాళ్లకు అజీర్తి, మంట ఉంటే మామూలు ఎండీ డాక్టరు చాలు. అవసరమైతే పైలోరీకి పరీక్ష చేసి, కొన్ని వారాలు మందు ఇచ్చి చూస్తారు. రాత్రి పదకొండింటికి తిని పదకొండుంబావుకి పడుకునేవాడికి ఏ స్పెషలిస్టు కూడా తిన్నాక రెండు మూడు గంటలాగి పడుకో అనడం కంటే ముందు చెప్పేదేమీ ఉండదు. పాలు తాగితే ఉబ్బరం, విరోచనాలు, పెరుగు తింటే హాయి అంటే లాక్టోజ్ అరగట్లేదేమో, పాలు ఆపి చూడొచ్చు. పెరుగు తోడుకునేటప్పుడే అందులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ని కొంత తినేస్తుంది కాబట్టి అది పడుతుంది. పిత్తాశయంలో రాళ్లున్నాయని వేరే దేనికో తీసిన స్కానింగులో తేలి, వాటివల్ల ఏ బాధా లేకపోతే సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. నూనె ఎక్కువైన భోజనం తిన్నాక కుడిపక్క డొక్కలో మొదలై వీపుకో భుజానికో పాకే నొప్పి వస్తుంటే అప్పుడు సర్జన్‌ని కలవాలి.

ఐబీఎస్ వాళ్లది వేరే కథ. విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న ఇంటర్ హాస్టళ్లలో పరీక్ష ఉన్న రోజు పొద్దున బాత్రూముల ముందు క్యూ చూస్తే మెదడుకూ పేగుకూ ఉన్న లంకె ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు. ఆ పిల్లల నొప్పి నిజమైనదే, నాటకం కాదు. విరోచనంతో ముడిపడిన నొప్పి నెలల తరబడి వారానికి ఒకరోజైనా రావడం, విరోచనం పద్ధతి మారడం, వీటిని బట్టి డాక్టర్లు ఐబీఎస్‌ని గుర్తిస్తారు. ఇది సాధారణంగా నిద్రలోంచి లేపదు, బరువు తగ్గించదు, రక్తం పడేలా చేయదు. అవి ఉంటే ఐబీఎస్ అన్న ముద్రను నమ్మకండి. అవేవీ లేకపోతే గుంటూరు కొత్తపేటలో ఒక డాక్టరు, సూర్యారావుపేటలో ఇంకో డాక్టరు, హైదరాబాదులో మరో డాక్టరు అంటూ మూడేసిసార్లు అవే స్కానింగులు తీయించుకోవడం దండగ. ఒక్క డాక్టర్ని పట్టుకుని ఏడాదిపాటు ఆయన మాట వినడం మేలు.

వెళ్లాల్సి వస్తే ఎవరి దగ్గరికి? మందులతో చూసే గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు పేరు పక్కన డీఎం ఉంటుంది, ఆపరేషన్లు చేసే సర్జికల్ గ్యాస్ట్రో వాళ్లకు ఎంసీహెచ్. మొదట చూపించుకోవాల్సింది సాధారణంగా డీఎం వాళ్లకే. ప్రైవేటు ఫీజులు భరించలేనివాళ్లకు గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాస్పత్రి) ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ కోసం నిలబడే ఓపిక ఉండాలి.

మీరు వాడే బిళ్లల రేకులన్నీ సంచిలో వేసుకెళ్లండి. నొప్పి బిళ్లలు, ఆయుర్వేదం చూర్ణాలు, గుండెకు వేసుకునే ఆస్పిరిన్, ఏదీ దాచకండి. ఆస్పిరిన్ మాత్రం డాక్టరుకు చెప్పకుండా మీ అంతట మీరు ఆపకండి. పైలోరీ పరీక్షకు ముందు రెండు వారాలు పాంటాప్రజోల్ లాంటివి, నాలుగు వారాలు యాంటీబయాటిక్స్ వాడి ఉండకూడదు, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపించవచ్చు. 'పైపు వేస్తారు' అని జనం హడలిపోయే ఎండోస్కోపీకి గొంతులో మొద్దుబారే స్ప్రే కొడతారు, చాలామందికి పది నిమిషాల లోపు అయిపోతుంది. కొలనోస్కోపీలో పరీక్ష కంటే ముందురోజు పేగు శుభ్రం కావడానికి లీటర్ల కొద్దీ మందు నీళ్లు తాగడమే కష్టం, సగం తాగి ఆపేస్తే మళ్లీ ఇంకోరోజు రమ్మంటారు. షుగరు మందులు వాడేవాళ్లు ఆ ఖాళీ కడుపు పూట బిళ్ల వేసుకోవాలో వద్దో, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో తేదీ ఇచ్చిన రోజే అడిగి చీటీ మీద రాయించుకోండి.